నత్త చెప్పే సాక్ష్యం ఎవరు వింటారు?

సర్కారు పని నత్తనడక అని పేపర్లలో రాస్తుంటారు. ఆ మాట నత్తకు అవమానం. నత్త మెల్లగా నడుస్తుంది గానీ లంచం తినదు. పైనుంచి ఫోను వచ్చిందని వెనక్కి తిరగదు. తను పాకిన మట్టిలో, తిన్న ఆకులో, మునిగిన నీళ్లలో ఏముందో అదంతా తన ఒంట్లోనే జమ కట్టుకుంటుంది. అందుకే ఈ పక్షం మేం నత్త గురించి రాస్తున్నాం. నవ్వేవాళ్లు నవ్వొచ్చు. కానీ చివరిదాకా చదివి నవ్వండి.

నాచారం, మల్లాపూర్, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామికవాడల పక్కన, నాగారం ఇవతల జవహర్‌నగర్ చెత్తగుట్ట కింద, మూసీ ఒడ్డున బతికే మన వాడలకూ బస్తీలకూ ఒకటే ప్రశ్న. మా నీళ్లలో, మా మట్టిలో ఏం కలుస్తోంది? కలిసిన దాంట్లో మా ఒంట్లోకి ఎంత వస్తోంది? మొదటి సగానికి అప్పుడప్పుడు ఎవరో ఒకరు జవాబు చెప్తారు. రెండో సగం అడిగేవాళ్లే తక్కువ. నత్త చెప్పగలిగింది ఆ రెండో సగమే.

సీసాలో నీళ్లు ఎంత చెప్తాయి?

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి మనందరికీ తెలుసు. నాలా రంగు మారుతుంది. కంపు లేస్తుంది. జనం అర్జీ పెడతారు. కొన్నాళ్లకు కాలుష్య నియంత్రణ మండలి జీపు వస్తుంది. ఆఫీసరు దిగి సీసాలో నీళ్లు పడతాడు. 1974 నాటి నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ నీళ్లు పరీక్షకు పంపుతున్నామని కంపెనీ వాళ్లకు అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి. ఆ పద్ధతిలో తీసిన నీళ్లకే కోర్టులో విలువ. న్యాయం ప్రకారం ఇది తప్పు కాదు. ఎదుటివాడికి చెప్పకుండా సాక్ష్యం పుట్టించకూడదు. కానీ ఆ సీసాలో ఉండేది ఆ గంట నీళ్లే. నిన్న రాత్రి పోయినవి అందులో ఉండవు. మొన్న వాన పడ్డప్పుడు వానతో కలిపి వదిలినవి అసలే ఉండవు. జీపు వచ్చే దాకా పైపు బిగించుకుని కూర్చుంటే చాలు, సీసా "అంతా బాగుంది" అని చెప్తుంది.

ఇంకో సంగతి. కుళ్లే మురికి వేరు, లోహాల మురికి వేరు. మలమూత్రాలు, కూరగాయల చెత్త కొన్నాళ్లకు కుళ్లి మట్టి అవుతాయి. సీసం కుళ్లదు. కాడ్మియం కుళ్లదు. క్రోమియం, నికెల్ కుళ్లవు. బ్యాటరీల పనిలో, రంగుల పనిలో, లోహాలు కరిగించే కొలుముల్లో సీసం ఉంటుంది. ఇనుముకు మెరుపు ఎక్కించే ప్లేటింగ్ షెడ్లలో క్రోమియం, నికెల్ ఉంటాయి. తోలు పదును పెట్టే చోట క్రోమియం ఉంటుంది. కొన్ని రకాల బ్యాటరీల్లో, రంగుల్లో కాడ్మియం ఉంటుంది. ఇవి నీళ్లలో కనపడవు. వాసన రావు. నీళ్లు తేటగా కనపడుతుంటే లోహం కింద బురదలోకి దిగి కూర్చుంటుంది. బురదలో నుంచి గడ్డిలోకి, గడ్డిలో నుంచి గేదెలోకి, పాలలోకి, ఆకుకూరలోకి, పిల్లల ఒంట్లోకి వస్తుంది. సీసం ఎముకల్లో చేరితే ఏళ్ల తరబడి వదలదు. పిల్లల మెదడుకు ఇంత సీసం వరకు ఫరవాలేదు అనే గీత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. పంతుళ్లుగా మేం ఆ మాటను ఇట్లా చదువుకుంటాం: చదువు ఎక్కని పిల్లోణ్ణి "మొద్దు" అని తిట్టే ముందు వాడు తాగే నీళ్లేమిటో అడగాలి.

నత్త చేసే పని ఏంది?

నత్తలు మనకు కొత్త కాదు. చెరువు నత్తను, దాన్ని శాస్త్రంలో పైలా గ్లోబోసా అంటారు, మన అవ్వలు వాళ్ల చేతుల్లాగా ఎరుగుదురు. ఎండాకాలం చెరువు ఎండితే గుల్ల మూత బిగించుకుని బురదలో పడుకుంటది. తొలకరికి లేస్తది. గుడ్లు నీళ్లకు పైన పెడతది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఈ నత్త మీద దశాబ్దాల పాటు పరిశోధనలు జరిగాయి. పురుగుమందు తగిలితే దాని ఒంట్లో ఏం మారుతుందో 1970ల్లోనే అక్కడ చూశారు. అంటే నత్తను అడిగి తెలుసుకునే విద్య తెలుగుదేశానికి కొత్తగా దిగుమతి చేసుకోవాల్సింది కాదు.

నత్త దూరం పోదు. ఎక్కడ పుడితే దాదాపు అక్కడే బతుకుతుంది. కాబట్టి దాని ఒంట్లో ఉన్నది ఆ జాగాలో ఉన్నదే. అది కడుపుతో మట్టిని రాసుకుంటూ పోతుంది. ఆకు తింటుంది, మట్టీ తింటుంది. మూడు దారుల్లో లోహం లోపలికి పోతుంది. పోయిన కాడ్మియం దాని పేగుల దగ్గరున్న, మన కాలేయం లాంటి గ్రంథిలో చేరుతుంది. అక్కడ ఒక రకం ప్రొటీను కాడ్మియాన్ని పట్టి కట్టేస్తుంది. అందుకే నత్త వెంటనే చావదు. విషాన్ని మోసుకుంటూ బతుకుతుంది. చచ్చిన చేప ఒక్క రోజు సంగతి చెప్తుంది. బతికున్న నత్త నెలల లెక్క చెప్తుంది.

ఫ్రాన్సులో ఈ పనిని పద్ధతిగా చేశారు. ఆ దేశం ఉత్తరాన నోయెల్-గోదో అనే ఊళ్లో మెటలరోప్ నార్ అనే సీసం, జింకు కరిగించే ఫ్యాక్టరీ వందేళ్లకు పైగా నడిచి 2003లో మూతపడింది. చుట్టూ ఊళ్ల మట్టి నిండా సీసం, కాడ్మియం. బెజాన్సోన్ విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడి మట్టి మీద నత్తలను బోనుల్లో పెట్టి ఎంత లోహం వాటిలోకి ఎక్కుతుందో కొలిచారు. ఒకే వయసు, ఒకే సైజు ఉన్న, శుభ్రమైన చోట పెంచిన నత్తలను తెచ్చి, అనుమానం ఉన్న జాగాలో 28 రోజులు బోనులో ఉంచుతారు. తర్వాత వాటి ఒంట్లో లోహం కొలుస్తారు. శుభ్రమైన జాగాలో పెట్టిన నత్తలతో పోలుస్తారు. 2021లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఈ పద్ధతికి ఐఎస్ఓ 24032 అని నంబరిచ్చి ప్రమాణంగా ఒప్పుకుంది. కాబట్టి "నత్తలను పట్టుకుని శాస్త్రం చెప్తారా?" అని ఏ ఆఫీసరైనా ఎగతాళి చేస్తే ఆ నంబరు అతని ముందు పెట్టండి.

ఇందులో అసలు మర్మం ఏంటంటే, మట్టిలో ఉన్న లోహమంతా ప్రాణి ఒంట్లోకి రాదు. కొంత మట్టికే గట్టిగా అతుక్కుని ఉంటుంది. కొంత వదులుగా ఉండి లోపలికి వస్తుంది. మట్టిని ఆసిడ్‌లో కరిగించి కొలిస్తే మొత్తం లెక్క తెలుస్తుంది. ఒక ప్రాణిని ఆ మట్టిలో బతకనిస్తే ఒంట్లోకి వచ్చే వాటా తెలుస్తుంది. మనకు కావాల్సింది ఆ వాటా.

రోడ్డుకు ఇటు ల్యాబులు, అటు నాలాలు

తార్నాక నుంచి ఉప్పల్ దాకా ఒక్కసారి బస్సులో పోయి చూడండి. ఒకటే రోడ్డు బారున భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ, కణజీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వరసగా ఉన్నాయి. రసాయనం ఎరిగినవాళ్లు, తిండి ఎరిగినవాళ్లు, కణం ఎరిగినవాళ్లు, మట్టి ఎరిగినవాళ్లు అందరూ అక్కడే. దేశంలో ఇంకెక్కడా ఇంత చదువు ఇంత దగ్గర దగ్గరగా దొరకడం కష్టం. దానికి కూతవేటు దూరంలో నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు.

వాళ్లు పని చేయలేదని మేం అనం. ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు మట్టిలో లోహాల మీద 2001లో, కాటేదాన్ మట్టి మీద 2008లో, బాలానగర్ మట్టి మీద 2011లో పరిశోధనలు ప్రచురించారు. 2008లోనే మురుగునీటితో పండే తిండి మీద ఇంకో పరిశోధన వచ్చింది. మట్టి, పశువుల గడ్డి, పాలు, ఆకుకూరలు, వాటిని తినే మనుషుల రక్తం, మూత్రం అన్నీ పరీక్షించారు. సీసం, జింకు, క్రోమియం, నికెల్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉన్నాయని తేలింది. ఆకుకూరల్లో ముఖ్యంగా పాలకూర, తోటకూరతో ఎక్కువ ప్రమాదం అని రాశారు.

ఈ మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మూసీ ఒడ్డున పీర్జాదిగూడలో గడ్డి కోసి గేదెలకు అమ్మే ఆడమనిషికి ఎవరైనా తెలుగులో చదివి వినిపించారా? తోటకూర కట్టలు నెత్తిన పెట్టుకుని ఉప్పల్ చౌరస్తాలో అమ్మే అవ్వకు చెప్పారా? మన రక్తం తీసుకున్నారు. మన మట్టి తీసుకున్నారు. వాటి మీద పేపర్లు వచ్చాయి, డిగ్రీలు వచ్చాయి. ఫలితం మాత్రం వాడదాకా రాలేదు. చదువు మన మీద జరిగింది గానీ మన కోసం జరగలేదు.

జీడిమెట్ల, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రాల నీళ్లు ఎటు పోతాయో కూడా చూడాలి. పటాన్‌చెరు నక్కవాగు పక్క రైతులు ఏళ్ల తరబడి కొట్లాడారు. 1990లో సుప్రీంకోర్టు దాకా కేసు పోయింది. చివరికి దొరికిన పరిష్కారం ఏంటి? 18 కిలోమీటర్ల పైపు వేసి ఆ నీళ్లను నగరం మురుగులో కలిపి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి తోలడం. అంబర్‌పేట దిగితే ఉప్పల్, నాగోల్, పీర్జాదిగూడ. మలమూత్రాల నీళ్లు బాగుచేయడానికి కట్టిన కేంద్రం అది. లోహాన్ని అది మాయం చేయలేదు. కొంత బురదలోకి దింపుతుంది, మిగతాది మూసీలోకి వదులుతుంది. పడమటి ఊరి బాధను తీసుకొచ్చి తూర్పు ఊరి నెత్తిన పెట్టడాన్ని పరిష్కారం అన్నారు.

నీళ్లకు కులం ఉంది

ఇదంతా పర్యావరణం గొడవ, మన ఉద్యమానికి ఏం సంబంధం అని కొందరు మిత్రులు అడుగుతారు. కారంచేడు ఎందుకు జరిగిందో గుర్తు చేసుకుందాం. 1985 జులై 16న మాదిగపల్లె తాగే నీళ్ల చెరువులో పశువుల మురికి కలుపుతుంటే మనవాళ్లు అడ్డం చెప్పారు. మున్నంగి సువార్త బిందె ఎత్తి నిలబడింది. మర్నాడు, జులై 17న, ఊరి మీద పడి ఆరుగురిని చంపారు. మన ఉద్యమం మొదలైందే మురికి నీళ్ల దగ్గర. అంతకు 58 ఏళ్ల ముందు, 1927 మార్చి 20న, బాబాసాహెబ్ మహాడ్‌లో చౌదారు చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారు. అప్పటి ప్రశ్న: ఆ నీళ్లు మేం ముట్టుకోవచ్చా? ఇప్పటి ప్రశ్న: మేం ముట్టుకునే నీళ్లలో మీరు ఏం కలుపుతున్నారు? రెండూ ఒకటే ప్రశ్న.

ఊరు ఎక్కడ కట్టారో, వాడ ఎక్కడ పెట్టారో చూడండి. వాలు చూసి పైన ఊరు, కింద వాడ. పారిశ్రామికవాడ వచ్చినప్పుడు ఏ భూములు చవకగా దొరికాయి? అసైన్డు భూములు, బంచరాయి, చెరువు శిఖం. చెత్తగుట్టకు ఏ జాగా దొరికింది? ఊరి పెద్దల తోటలు కాదు. జవహర్‌నగర్ చెత్తలో నుంచి ఊరిన నల్లటి నీళ్లు మల్కారం చెరువులో దిగాయి. ఆ కంపు నాగారం, దమ్మాయిగూడ దాకా ఏళ్ల తరబడి కొట్టింది. ఆ చెత్తలో చేతులు పెట్టి ఇనుము, ప్లాస్టిక్ ఏరుకునేది ఏ కులాలవాళ్లో చెప్పక్కర్లేదు.

చట్టం కూడా ఈ సంగతి ఒప్పుకుంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షన్ చూడండి. ఎస్సీ, ఎస్టీలు మామూలుగా వాడుకునే ఊట, చెరువు, మరే నీటివనరునైనా ఇతరులు మురికి చేసి వాడకానికి పనికిరాకుండా చేస్తే అది అత్యాచారం. 2015 సవరణ తర్వాత కూడా ఆ నేరం చట్టంలో ఉంది. ఆ మాట రాసినవాళ్ల మనసులో గేదెలు కడిగే దొర ఉన్నాడేమో. పైపు వదిలే మేనేజరుకు అది ఎందుకు వర్తించదో మన వకీళ్లు ఆలోచించాలి.

మన ఒళ్లు సాక్ష్యం కాదా?

ఇక్కడ మాకు కోపం వచ్చే మాట ఒకటుంది. ఒళ్లంతా దద్దుర్లని, కాళ్లు తిమ్మిర్లని, కడుపు నిలవట్లేదని మనిషి చెప్తే నమ్మరు. "మురికిగా ఉంటారు, తాగుతారు, అందుకే రోగాలు" అంటారు. నత్త ఒంట్లో కాడ్మియం ఉందని కాగితం వస్తే నమ్ముతారా? నమ్మితే, మనిషి కంటే నత్తకు విలువ ఎక్కువైనట్టే గదా! ఈ ప్రశ్న న్యాయమైంది. కానీ చరిత్ర చూస్తే, జంతువు సాక్ష్యానికి కంపెనీలు భయపడ్డాయి.

జపాన్‌లో మినమాటా అనే ఊరు. చిస్సో అనే కంపెనీ పాదరసం సముద్రంలోకి వదిలింది. ముందు పిల్లులు పిచ్చెత్తినట్టు ఎగిరి చచ్చాయి. 1956లో మనుషుల జబ్బును అధికారికంగా గుర్తించారు. జబ్బు పడ్డవాళ్లు బెస్తవాళ్లు, బీదవాళ్లు. 1959లో కంపెనీ సొంత డాక్టరే ఫ్యాక్టరీ వదిలే నీళ్లను పిల్లి తిండిలో కలిపి పెట్టాడు. దాన్ని 400వ నంబరు పిల్లి అంటారు. దానికి అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ సంగతి తొక్కిపెట్టింది. పాదరసం వదలడం 1968 దాకా ఆగలేదు. పిల్లి సాక్ష్యం కంపెనీ చేతిలో ఉంది కాబట్టి పెట్టెలో పడింది. జనం చేతిలో ఉండుంటే?

మన పక్కనే ఇంకో కథ ఉంది. తమిళనాడు కొడైకెనాల్‌లో థర్మామీటర్ల ఫ్యాక్టరీ పాదరసం ఊరి మీద చల్లింది. జనం ఆందోళనతో 2001లో అది మూతపడింది. గాలిలో పాదరసం ఎంత దూరం పోయిందో ఎట్లా తెలిసింది? చెట్ల మీద పెరిగే పాచి, రాతిపువ్వు చెప్పాయి. మనం బిర్యానీలో వేసుకునే రాతిపువ్వు జాతివే. వాటిని పరీక్షించి 2003లో ప్రచురించింది ఎవరో తెలుసా? మన ఈసీఐఎల్ దగ్గరున్న అణుశక్తి శాఖ ల్యాబు, ఎన్‌సీసీసీఎం. నాగారం నుంచి ఈసీఐఎల్ ఎంత దూరమో ఇక్కడివాళ్లకు చెప్పాలా! ఫ్యాక్టరీ మూతపడ్డ పదిహేనేళ్లకు, 2016లో, 591 మంది మాజీ కార్మికులతో కంపెనీ రాజీకి వచ్చింది. కార్మికులు వదలకుండా కొట్లాడారు కాబట్టి వచ్చింది. పాచి, రాతిపువ్వు ఆ కొట్లాటకు ఒక చెయ్యి వేశాయి.

కొడైకెనాల్ కొండ మీది పాచిని చదవగలిగిన ల్యాబు పక్కనున్న చెరువు నత్తను చదవలేదా? చదవగలదు. అడిగేవాళ్లు కావాలి.

కూటి మీదికి తోయొద్దు, కూలి మీదికి తోయొద్దు

రెండు ప్రమాదాలు ముందే చెప్పుకుందాం.

మొదటిది తిండి. నత్తలు, ఎండ్రకాయలు, చెరువు చేపలు మనవాళ్ల కూర. వాటిని తిన్నందుకే మనల్ని చిన్నచూపు చూసినవాళ్లు ఉన్నారు. రేపు నత్తలో సీసం ఉందని తేలితే అధికారులు చేసే సులువైన పని ఏంటో మేం ఇప్పుడే చెప్పగలం. చెరువు గట్టున "నత్తలు, చేపలు తినరాదు" అని బోర్డు పాతి చేతులు దులుపుకుంటారు. పైపు అట్లాగే ఉంటుంది. తప్పు కంపెనీది కాకుండా మన నోటిదవుతుంది. పారిశ్రామికవాడల కింది నీళ్లలో పట్టినవి పిల్లలకు, కడుపుతో ఉన్న ఆడవాళ్లకు పెట్టొద్దని మేమూ చెప్తాం. కానీ ఆ మాటతో పాటు రెండు మాటలు రావాలి. పోయిన తిండికి, పోయిన చేపల కూలికి పరిహారం ఎవరిస్తారు? పైపు ఎప్పుడు మూస్తారు?

రెండోది కూలి. "కంపెనీ మీద పడితే మన పిల్లల పనులు పోతాయి" అని వాడలోనే అంటారు. ఆ భయాన్ని మేం తేలిగ్గా తీసుకోం. గేటు లోపల కాంట్రాక్టు పనిలో ఉన్నది మన తమ్ముళ్లే. కానీ బయట నత్తకు ఎక్కే లోహం లోపల వాళ్ల ఊపిరితిత్తుల్లోకి ముందే ఎక్కుతుంది. చేతికి గ్లౌజు లేదు, మూతికి గుడ్డ లేదు. ఫ్రాన్సులో మెటలరోప్ మూతపడ్డప్పుడు దాదాపు 830 మంది రోడ్డున పడ్డారు. మట్టి బాగుచేసే ఖర్చు కూడా జనం నెత్తిన పడింది. పని పోయింది, సీసం మిగిలింది. శుభ్రం చేయమని ముందే మెడ పట్టుకుని ఉంటే రెండు నష్టాల్లో ఒకటైనా తప్పేది. మనం అడిగేది కంపెనీకి తాళం వేయమని కాదు. నీ మురికి నువ్వే కడుక్కో అని. వేల ఏళ్లుగా ఊరి మురికి మన చేత ఎత్తించారు. కంపెనీ మురికి కూడా మన ఒళ్లే ఎత్తాలా?

ఏం చేద్దాం?

సంఘాల కార్యకర్తలకు, తోటి పంతుళ్లకు మేం చెప్పేది ఇది.

ముందు నాలా పటం గీయండి. పారిశ్రామికవాడ పైన ఒక చోటు, పైపు కలిసే చోటు, దాని కింద రెండు మూడు చోట్లు, చెరువు. బడి పిల్లలు బాగా గీస్తారు. అయితే పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు. రంగు, వాసన, చేపలు తేలిన రోజు, టైము నోటుబుక్కులో రాయండి. రాత్రి డ్యూటీ చేసేవాళ్ల మాట ఇందులో చాలా విలువైంది.

నత్తలు పట్టేటప్పుడు క్రమం తప్పొద్దు. క్రమం తప్పితే కంపెనీ వకీలు ఒక్క నిమిషంలో కొట్టేస్తాడు. ఒకే జాతి, దాదాపు ఒకే సైజు ఉండాలి. చేతులకు గ్లౌజులు ఉండాలి. పారిశ్రామికవాడకు దూరంగా, శుభ్రంగా ఉన్న చెరువు నుంచి కూడా అన్నే నత్తలు తేవాలి. పోల్చడానికి అది లేకపోతే మిగతా అంతా వృథా. పేగుల్లోని మట్టి పోయేదాకా రెండు రోజులు తిండి పెట్టకుండా ఉంచాలి. పట్టిన చోటు, తేదీ, పట్టినవాళ్లు, చూసినవాళ్లు, అందరి సంతకాలతో పంచనామా రాయాలి. ల్యాబును సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్ ఎండు బరువు లెక్కన అడగాలి. రాగి లెక్కను చూసి ఆగమాగం కావద్దు. నత్త రక్తంలోనే రాగి ఉంటుంది, అందుకే అది నీలంగా ఉంటుంది. రాగి ఉండడం దాని పుట్టుక.

నత్త చెప్పలేనిది కూడా తెలుసుకోండి. లోహం వచ్చిందని చెప్తుంది. ఎవడు వదిలాడో పేరు పెట్టి చెప్పదు. బండ్ల పొగ, చెత్తగుట్ట, ఊరి మురుగు కూడా లోహం మోస్తాయి. అందుకే పైన ఒక చోటు, కింద ఒక చోటు. రెండింటి మధ్య ఎక్కడ ఒక్కసారిగా పెరిగిందో అక్కడ వెతకాలి.

కాగితం చేతికొచ్చాక దారులు ఉన్నాయి. మన నత్త ల్యాబు కాగితం నీటి చట్టం కింద నేరుగా సాక్ష్యం కాదు. కానీ మండలి ఆఫీసరును ఫలానా చోటికి, ఫలానా టైముకు రమ్మని గట్టిగా అడిగే హక్కు ఇస్తుంది. 2010 చట్టంతో వచ్చిన జాతీయ హరిత ట్రిబ్యునల్ సాక్ష్యాల చట్టం నియమాలకు కట్టుబడి ఉండాల్సిన పని లేదు. చెన్నైలో ఉన్న దాని దక్షిణ బెంచి ముందు ఇట్లాంటి కాగితం పెట్టొచ్చు. గడువు మర్చిపోవద్దు. గొడవ మొదలైన ఆరు నెలల్లో పోవాలి. నష్టపరిహారానికైతే అయిదేళ్లు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో కంపెనీ పర్మిషన్లు, పాత పరీక్షల కాగితాలు అడగండి. తెల్ల కార్డువాళ్లకు ఆ పది కూడా అక్కర్లేదు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి నాలుగే. ఒకటి, నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి నాలాలమీద, మల్కారం చెరువు మీద ఏడాదికి రెండుసార్లు నత్తలతో, బురదతో లోహాల పరీక్ష. రెండు, ఆ ఫలితాలు తెలుగులో, బస్తీ గోడ మీద. మూడు, ఆ నాలాల పక్క బడుల్లో పిల్లల రక్తంలో సీసం పరీక్ష, ఎక్కువ ఉన్నవాళ్లకు వైద్యం. నాలుగు, పరీక్ష కమిటీలో వాడ ఆడవాళ్లకు చోటు. చెరువులో నత్త ఎప్పుడు తగ్గిందో, ఎప్పటి నుంచి గుల్ల పలచబడిందో చెప్పగలిగింది వాళ్లే.

ఉప్పల్ రోడ్డు ల్యాబుల్లో ఇప్పుడు మన పిల్లలు కూడా ఉన్నారు. రిజర్వేషన్‌తో పోయారు, కష్టపడి చదివి నిలబడ్డారు. వాళ్లకు మేం చెప్పేది ఒక్కటే. బిడ్డా, నీ మిషన్ మీద ఒక రోజు మా చెరువు కోసం కేటాయించు. నువ్వు దిగివచ్చిన వాడ నీళ్లు అవి.

నత్త తొలకరికి లేస్తుంది. ఈ తొలకరికి దానితో పాటు మనమూ లేద్దాం. నోటుబుక్కు పట్టుకుని నాలా దగ్గరికి పోదాం.